మబ్బు లేని వాన

వాన కురవాలంటే మబ్బు కావాలని ఎవరన్నారు? చాదస్తం! మన సీమలో వానకిప్పుడు కావలసింది ఒక మిషను, ఒక కంప్యూటరు, ఒక రిపోర్టు. అంతే. ఈ కొత్తరకం వానలో బురద ఉండదు. మిద్దె కారదు. ఆరబోసిన మిరపకాయల్ని పరుగున ఎత్తుకునే పనిలేదు. ఇంతటి వరాన్ని పట్టుకుని గొణిగే కృతఘ్నులూ ఉన్నారు!

వారిలో మొదటివాడు ఓబుళేశు. ఊరు కర్నూలుకు పడమట. మండలం పేరు చెప్పడం లేదు. చెబితే చుట్టూ ఉన్న ఆరు మండలాలూ "అది మా కథే" అని కొట్లాటకొస్తాయి.

ఓబుళేశు టీవీ మెకానిక్. మిద్దెల మీద యాంటెనాలున్న రోజుల్లో అతను నిచ్చెన దిగిన పొద్దు లేదు. డిష్షులొచ్చి ఆ పనిని, సెల్‌ఫోన్లొచ్చి మిగతా పనిని మింగేశాయి. చేతిలో మిగిలింది నాలుగెకరాల శెనక్కాయ చేను, మూలన పడేసిన అల్యూమినియం కడ్డీలు. పైనుంచి పోయే వాతావరణ ఉపగ్రహాలు తీసే బొమ్మల్ని ఎవరైనా పట్టుకోవచ్చని ఒకరోజు వీడియోలో చూశాడు. మూరెడు పైచిలుకు కడ్డీలు రెండు కోశాడు. రెక్కలు చాచిన కొంగలా ఒక కొయ్యకు బిగించి మిద్దె మీద నిలబెట్టాడు. కేబుల్ దించి, వేలెడంత రిసీవరు గుండా కర్నూలులో కొన్న పాత లాప్‌టాప్‌కు తగిలించాడు.

మొదటి నాలుగు రోజులూ బుసబుస తప్ప ఏమీ రాలేదు. అయిదోరోజు పొద్దున బొమ్మ గీత గీతగా దిగింది. కొసన సముద్రం, మధ్యలో మన నేల. అక్కడక్కడ దూదిపింజల్లాంటి మబ్బులు. మన మీద మాత్రం ఒక్కటీ లేదు.

"ఇంతదూరం పొయ్యి తెచ్చుకున్న సంగతి ఇదేనా? నేను వాకిట్లో నిలబడి చెప్తాంటి గదా!" అంది భార్య వెంకటేశ్వరమ్మ.

పక్కింటి పెద్ద ఈరన్న మరో అడుగు ముందుకేశాడు. "నువ్వు ఆ కడ్డీలు పెట్టినప్పట్నించే మబ్బులు దోవ మళ్ళినాయప్పా. పీకెయ్ వాటిని!"

అది శ్రావణం. శెనక్కాయకు ఊడలు దిగే వేళ. ఆ వేళ నేల తడిస్తేనే కాయ, లేకపోతే ఉత్త కట్టె. వరసగా మూడు వారాలు వాన లేకుంటే కరువు లెక్కలోకి తీసుకుంటామని సర్కారువాళ్ళు అన్నారు. ఊరంతా వేళ్ళు మడిచి రోజులు లెక్కపెట్టింది. ఇరవయ్యో రోజున, చేలు పెళ్లల్లా పగులుతుండగా, మండలాఫీసు ఆవరణలోని వానకొలత మిషను ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు కురిసిందని పైకి చెప్పేసింది!

ఎంత గొప్ప మిషను! ఊరికి తెలియని వాన దానికి తెలిసింది.

ఓబుళేశు ఆనాటి బొమ్మను ప్రింటు తీసుకుని, ఊరివాళ్ళను పదిమందిని వెంటేసుకుని ఆఫీసుకు వెళ్ళాడు. అధికారి బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది పొద్దుటి బొమ్మ. మధ్యాహ్నం కురిసి ఉండొచ్చు కదా?"

"మధ్యాహ్నం మీరు ఈడే ఉంటిరి గదా సార్. తడిస్తిరా?"

"నేను క్యాంపులో ఉన్నాను."

సర్కారు వాన సర్కారు మనిషి లేని వేళ చూసి కురుస్తుంది. ఎంత మర్యాద!

అప్పుడు గుమ్మం దగ్గర నిలబడిన అటెండరు గిడ్డయ్య గొంతు సవరించుకున్నాడు. ఈ సెప్టెంబరుతో రిటైరవుతున్నాడు కాబట్టి కాస్త ధైర్యముంది.

"సారూ, ఆ వాన నేనే కురిపిచ్చినా. ఇన్‌స్పెక్షనుకు పెద్దసారొస్తాడంటే చెట్లకు పైపుతో నీళ్ళు కొడ్తాంటి. ఆ మిషను మింద గూడా పడినాయి."

అధికారి కోప్పడలేదు. శాంతంగా చెప్పాడు.

"ఎవరు కురిపించారన్న కాలమ్ రిపోర్టులో లేదు గిడ్డయ్యా. ఎంత కురిసిందన్నదే ఉంది. కంప్యూటర్ ఎక్కింది, ఇక దిగదు. పైగా ఈ బొమ్మ ప్రైవేటుది. దీన్ని లెక్కలోకి తీసుకోలేం."

కరువు మండలాల జాబితా వచ్చింది. అందులో ఈ మండలం లేదు. ఓబుళేశు చేలోకి వెళ్ళి ఒక మొక్క పెరికి చూశాడు. వేళ్ళకు మట్టి కూడా అంటలేదు. ఆ సాయంత్రమే పెద్ద ఈరన్న మేకల్ని తన ఎండిన చేలోకే తోలుకున్నాడు. యాంటెనా మీద నింద మాత్రం మానేశాడు.

పది రోజుల తర్వాత ఓబుళేశుకు ఫోనొచ్చింది. అధికారే!

"ఓబుళేశూ, ఆదివారం మా కొత్త ఇంటికి స్లాబు వేయిస్తున్నాను. నీ యాంటెనాలో ఒకసారి చూసి చెప్పప్పా. వానేమైనా ఉందా?"

ఓబుళేశు లాప్‌టాప్ తెరిచాడు. బంగాళాఖాతం మీద తెల్లటి ముద్ద, ఇటే జరుగుతోంది. వెంకటేశ్వరమ్మ తెర చూసింది, మొగుడి మొహం చూసింది.

"చెప్పగాకు. వాళ్ళ మిషన్నే అడుగుకోమను. తడవనీ, మనకేం?"

ఓబుళేశుకు ఎండిన చేను గుర్తొచ్చింది. స్లాబు మీద పనిచేసే కూలీలూ గుర్తొచ్చారు. బొమ్మ ఉన్నదున్నట్టు చూపింది. తను ఉన్నది లేదని ఎలా అంటాడు?

"శానా మబ్బుండాది సార్. ఆపుకోండి."

ఆదివారం కుండపోత. ఎండిన శెనక్కాయ కట్టె మీద, తిరిగే మేకల మీద, ఎవరికీ అక్కర్లేకుండా కురిసింది. సోమవారం అధికారి పొంగిపోతూ ఫోన్ చేశాడు.

"స్లాబు బతికింది! నీ యాంటెనా శానా కరెక్టప్పా!"

"ఆ మాటే ఒక కాయితం మింద రాసియ్యండి సార్, ఆ ఇరవయ్యో రోజు బొమ్మ కింద."

"హలో... హలో... సిగ్నల్ సరిగా లేదప్పా!"

ఫోన్ కట్టయింది. చూశారా, కృతఘ్నుడికి ఎంత దురాశో! ఎనిమిది వందల కిలోమీటర్ల పైనుంచి వచ్చే సిగ్నల్ అందుకుంటున్నాడు కదా, అది చాలదా? మూడు కిలోమీటర్ల అవతలి మండలాఫీసు సిగ్నల్ కూడా కావాలట!