బాపురావు బల్ల

పెద్దలకు పెట్టుకునే పెత్తరమాస పొద్దున బాపురావు పెట్టుకున్న పని చిన్నదే. చెరువు కట్ట మీద, తన పేరున్న బల్ల మీద, నలుగురూ చూసేటట్టు కూర్చోవాలి. బోధన్ వర్తకులు కట్ట మీద రాతి బల్లలు వేయిస్తే మున్సిపాలిటీ కరెంటు దీపాలు పెట్టాలని ఒప్పందం. అయితే జనం తిరిగితేనే దీపాలు. ఆ రోజే ఇంజనీరు చూడవస్తున్నాడు. బల్లలు వేసి నెలయినా వాటి మీద కూర్చున్నవాడు లేడు. ఏడింట్లో ఆరింటి మీద వర్తకులు కాలం చేసిన తమ తండ్రుల పేర్లు చెక్కించారు. పోయినవాళ్ల ఒళ్లో ఎవరు కూర్చుంటారు? ఏడో బల్ల మీద మాత్రం బాపురావు తన పేరే చెక్కించుకున్నాడు.

నీళ్ల మీది మంచు కట్టను మింగేసింది. ఒక్క కాకి కూడా అరవడం లేదు. ఆరు బల్లల మీదా పెద్దలకు పెట్టిన విస్తర్లున్నాయి. తన బల్ల మీదా ఒకటుంది, వేడి గారెలతో! భార్య రాధాబాయి పంపిందనుకుని, కూర్చుని ఒకటి నోట్లో వేసుకున్నాడు.

మంచులోంచి చెంబుతో ఒక ముసలమ్మ వచ్చింది. నందిపేట్ నుంచి బిడ్డ ఇంటికి వచ్చిన నాగవ్వ.

"ఎవలయ్యా నువ్వు? గా సచ్చినాయనకు ఎవ్వలు పెట్టలేదని పాపమనిపించి పెట్టిన. నువ్వు తింటున్నవేంది?"

"ఇది నా బల్లనే అవ్వా. నేను బాపురావును."

రాతి మీది ఆ పేరును పొద్దున్నే మనవరాలితో చదివించుకున్న నాగవ్వ చేతిలోంచి చెంబు జారింది. ఆమె పరుగు తీసింది. చెంబు తీసుకుని బాపురావు వెంటపడ్డాడు.

"అవ్వా, ఆగు! నీ చెంబు!"

పిలిచినకొద్దీ ఆమె పరుగు పెరిగింది. మంచులో ఆయన దారి తప్పి చెరుకు తోటలో పడ్డాడు. ఆమె మాత్రం "సచ్చినాయన లేచొచ్చి గారెలు తింటుండు!" అని అరుస్తూ తిన్నగా బజారులో పడింది. కాసేపటికి బాపురావు చెల్లెలు గంగుబాయి వచ్చి రాధాబాయి మెడ పట్టుకుని ఏడ్చింది.

"వదినా, అన్న ఏడికి పోయిండే?"

"కట్ట మీద కూసుంటనని పోయిండు."

"గాడనే కూసున్నడంట! గారెలు గూడ తిన్నడంట!"

"గారెలా?" రాధాబాయి రోలు వైపు చూసింది. "నేనింకా పిండే రుబ్బలే!"

గడియలో ఊరంతా కట్ట మీదుంది. జీపు దిగిన ఇంజనీరు ఇసుక వేస్తే రాలని జనాన్ని చూసి, అక్కడే దీపాలకు సంతకం పెట్టేశాడు. అంతలో చెంబు పట్టుకుని బాపురావు తోటలోంచి వచ్చాడు. రాధాబాయి ఆయన చెయ్యి గట్టిగా గిల్లింది. "అబ్బా!" అన్నాడు. జనం పగలబడి నవ్వారు.

నాగవ్వ నవ్వలేదు. "మరి గివన్ని తిన్నదెవలు?"

ఏడు విస్తర్లూ ఖాళీగా ఉన్నాయి.

"నేను తిన్నది ఒక్కటే గారె," అన్నాడు బాపురావు.

అందరూ ఆకాశం వైపు చూశారు. కాకి లేదు. ఆరు బల్లలూ మంచుకు తడిసి ఉన్నాయి. ఒక్కో దాని మీద, మనిషి కూర్చుని లేచినంత మేర మాత్రం పొడిగా ఉంది.

దసరాకు దీపాలు వెలిగాయి. వాటి కింద కూర్చోవడానికి బాపురావు మిట్టమధ్యాహ్నం వెళ్తున్నాడు.