గంగబాబు గారి నిద్రార్హత

నిద్రపోతున్న మనిషిని లేపకపోవడం మానవ నాగరికత చేరుకోగల అత్యున్నత శిఖరం. తక్కిన ప్రాంతాలవారు ఈ శిఖరం వైపు ఇంకా ఎగబాకుతూ ఉండగా కోనసీమ ఎప్పుడో అక్కడికి చేరి, పడక్కుర్చీ వేసుకుని కూర్చున్నది. (వెనుక వచ్చేవారికి మరొక కుర్చీ కూడా వేయించి ఉంచింది. అది వేరే మర్యాద.)

ఈ సత్యం గత వేసవిలో మా రేవులో రుజువైంది. రాజోలుకు కొంత దూరంలో, వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న ఆ రేవు పేరు చెప్పడం భావ్యం కాదు. మనుషులనూ, మోటారు సైకిళ్లనూ, అప్పుడప్పుడు పెళ్లివారి ఆటోలనూ ఆవలి గట్టుకు చేర్చే పంటుకు అక్కడ గంగబాబు గారు సరంగు. ఒకానొక మిట్టమధ్యాహ్నం ఆయన చుక్కాని పట్టుకుని, నిలబడి ఉండగానే నిద్రలోకి జారుకున్నారు. పంటు స్వతంత్రించి కొంత దూరం ప్రయాణించి, ఏటి మధ్యనున్న ఇసుక మేట ఎక్కి విశ్రమించింది. పంటు నిండా జనం. ఒక్కరూ కేక వేయలేదు.

విచారణలో, బండారులంక నుంచి చీరల మూటతో వస్తున్న ఎలీసమ్మ గారు సాక్ష్యమిచ్చారు.

"చూసేనండి. గురక కూడా విన్నానండి. పాపం, ఎంత అలిసిపోయేరో ఏంటో. మంచి నిద్దర్లో ఉన్న మనిషిని లేపితే బాగోదు కదండీ?"

"పంటు దారి తప్పుతోందని మీకు తెలియలేదా?"

"తెలిసిందండి. ఆయనే లేచి చూసుకుంటారులే అనుకున్నామండి. ఆయ్."

ప్రయాణికుల పక్షాన మర్యాద లోపమేదీ జరగలేదని విచారణాధికారి నిర్ధారించారు. దోషం గంగబాబు గారి ఒక్కరిదే అని తేలింది. ఆయనను చుక్కాని నుంచి తప్పించి టికెట్ల బల్ల దగ్గర కూర్చోబెట్టారు. (అక్కడా నిద్రపోయారు. బల్ల ఎటూ కొట్టుకుపోలేదు గనుక అది నేరంగా పరిగణించబడలేదు.) తండ్రి చేతి నుంచి అందుకున్న చుక్కాని అది. అది లేని గంగబాబు గారు భోజనం ముందు కూర్చుని కూడా కుడిచేతిని గాలిలో మెల్లగా తిప్పుతూ ఉండేవారు. అన్నం చల్లారిపోయేది.

అమలాపురంలో వైద్యుడు పరీక్షించి, దీనిని స్లీప్ ఆప్నియా అంటారని చెప్పాడు. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగుతుంది, మనిషి ఉలిక్కిపడతాడు, ఊపిరి మళ్లీ మొదలవుతుంది. రాత్రంతా ఇదే తంతు గనుక రోగి పడుకుంటాడే తప్ప నిద్రపోడు. ఆ కొరత పగలు తీర్చుకుంటాడు, చేతిలో చుక్కాని ఉన్నదా లేదా అని చూడకుండా.

గంగబాబు గారి భార్య సత్యవేణి గారికి ఇందులో కొత్త సంగతేమీ కనిపించలేదు.

"ఊపిరి ఆగినప్పుడల్లా నేను మోచేత్తో పొడుస్తానండి. అప్పుడు లాగుతారు."

"ఎన్నాళ్ల నుంచమ్మా?"

"పెళ్లయిన దగ్గర్నించండి."

"మరి మీరెప్పుడు నిద్రపోతారు?"

"ఆ మాట ఇప్పటిదాకా ఎవరూ అడగలేదండి," అన్నారు సత్యవేణి గారు.

భార్య మోచేతికి చికిత్సగా గుర్తింపు లేదు. గుర్తింపు ఉన్న చికిత్సను మంజూరు చేసే అధికారం ప్రాంతీయ జలయాన జాగృతి విభాగానిది. చుక్కాని పట్టదలచిన ప్రతి వ్యక్తీ ముందుగా తాను సవ్యంగా నిద్రపోగలనని నిరూపించుకొనవలెనన్నది దాని మూలసూత్రం. విభాగంలోని నిద్రా ప్రమాణాధికారి ఉదయ్ కిరణ్ గారు స్వయంగా వచ్చి గంగబాబు గారికి ఒక సీపాప్ యంత్రాన్ని అప్పగించారు. మంచం పక్కన పెట్టే చిన్న పెట్టె, దానికొక గొట్టం, గొట్టానికొక మాస్కు. రాత్రంతా ముక్కులోకి గాలి ఊది గొంతు మూసుకుపోకుండా చూస్తుంది. అంతటితో ఆగక, యజమాని ఎలా నిద్రపోయాడో ప్రతి ఉదయం విభాగానికి నేరుగా విన్నవించుకుంటుంది. నెల పొడుగునా మంచి నివేదికలు వస్తే చుక్కాని తిరిగి వస్తుంది.

గంగబాబు గారు మాస్కు పెట్టుకుని అద్దంలో చూసుకున్నారు.

"ఏంటే సత్యా, రొయ్యల చెరువుకి గాలి కొట్టే మిషను తెచ్చి నా మూతికి కట్టేరు?"

"రొయ్యలు కిక్కురుమనకుండా పెట్టించుకుంటున్నాయి కదా. మీకేం వచ్చింది?"

వచ్చిన ఇబ్బందులు చాలానే ఉన్నాయి. గొంతు ఎండిపోయేది. బుగ్గల మీద పట్టీల వాతలు మధ్యాహ్నం దాకా చెరిగేవి కావు. అన్నిటికీ మించి, మాస్కుకూ ముఖానికీ మధ్య ఆయన మీసాలు అడ్డు నిలిచాయి. 'గౌరవనీయ వినియోగదారునికి: మీ గాలి మీసముల గుండా నిష్క్రమించుచున్నది' అని విభాగం వారి యాప్ రోజూ ఉదయమే ఫోనులో హెచ్చరించింది. ఏటిగాలికి కూడా చెదరని మీసాలు అవి. గంగబాబు గారు వాటిని ఒక ఆదివారం తీయించేశారు. మంగలి శ్యామ్ బాబు కత్తి పట్టుకుని, "ఆలోచించుకున్నారా అండీ?" అని పదేపదే అడిగాడట.

త్యాగం ఫలించింది. ఆ వారంలోనే ఒక ఉదయం వారింట్లో కాఫీ బాగా ఆలస్యమైంది. భార్యాభర్తలిద్దరూ నిద్రపోవడమే అందుకు కారణం. ఆ ఇంట ఇటువంటి సంఘటన అదే మొదటిది. లేచిన గంగబాబు గారు రేవుకు వచ్చి, ఎదురుపడిన వారందరినీ కొత్తగా చూస్తున్నట్టు పలకరించారు. బల్ల దగ్గర కునుకు పడలేదు. "ఇంక నెల తిరిగేసరికి చుక్కాని నాదేనండి," అని అడిగినవారికీ అడగనివారికీ చెప్పారు.

సరిగ్గా ఆ దశలో ముమ్మిడివరం నుంచి వియ్యంకుడు సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు చక్కెరకేళీ గెలతో పరామర్శకు దిగారు. (ఆయన పేరు పూర్తిగా పలికేలోపు పంటు ఆవలి గట్టుకు చేరుతుంది.) అల్లుడి తండ్రి. పనసపొట్టు కూరతో భోజనం ముగించి, మంచం మీద కూర్చుని, యంత్రాన్ని ఎగాదిగా చూశారు.

"నాక్కూడా గురకేనండి, బావగారూ. మా ఇంట్లో నా గది పక్కన ఎవరూ పడుకోరు."

ఇక్కడ ఒక పొరపాటు జరిగింది. ఇంకే ప్రాంతంలోనైనా గంగబాబు గారు 'అయ్యో' అని ఊరుకునేవారు. ఆయన ఊరుకోలేదు.

"అయితే ఓసారి పెట్టుకు చూడండి, బావగారూ."

"అబ్బే, మీదండి."

"నాదేంటండి, తమరిది కాదా!"

"వద్దండి, బాగోదు."

"పెట్టుకోకపోతేనే బాగోదండి. ఆయ్."

సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు దీపాలు పెట్టే వేళకు లేచారు. కళ్లు తుడుచుకున్నారు. ఇన్నాళ్లూ తాను పడుకున్నది నిద్రే కాదని గద్గద స్వరంతో ప్రకటించారు. ఆ పూట వెళ్లవలసినవారు వారం ఉన్నారు. వెళ్లేటప్పుడు, "ఓ నాలుగు రోజులు ఉంచుకుని పంపించేస్తానండి, బావగారూ," అంటూ పెట్టెను ఒళ్లో పెట్టుకుని కారెక్కారు. గంగబాబు గారు కారు తలుపు స్వయంగా వేశారు.

నాలుగు రోజులు గడిచాయి. మరికొన్ని కూడా గడిచాయి. మనిషిని పంపుదామా అని సత్యవేణి గారు అంటూ ఉండగానే ముమ్మిడివరం నుంచి కూతురు మాధురి ఫోను చేసింది.

"నాన్నా, మావయ్యగారు ఎంత హాయిగా పడుకుంటున్నారో! ఇంట్లో అందరికీ నువ్వంటే ఎంత గౌరవం పెరిగిందో తెలుసా? ఇప్పుడు అడిగేవంటే నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

గంగబాబు గారు అడగలేదు. సత్యవేణి గారి మోచెయ్యి తిరిగి విధుల్లో చేరింది.

ఈలోగా విభాగానికి అందుతున్న నివేదికలు అద్భుతంగా ఉన్నాయి. రాత్రి నిద్ర నిర్దోషం, మధ్యాహ్నం నిద్ర అదనం. జిల్లాలో ఏ సరంగూ ఇంత నిష్ఠగా నిద్రపోయిన దాఖలా లేదు. నెల తిరగగానే ఉదయ్ కిరణ్ గారు శాలువాతో, 'నిద్రార్హత ధ్రువపత్రం'తో రేవుకు విచ్చేశారు. సన్మానం జరుగుతుండగా గంగబాబు గారు కుర్చీలో నిద్రపోయారు. అధికారి దీనిని చికిత్స మీది ఆసక్తిగా అభివర్ణించారు.

సత్యవేణి గారు ముందుకు వచ్చారు. "బాబూ, ఆ నిద్ర ఈయనది కాదండి. మా అన్నయ్యగారిది. మిషను ముమ్మిడివరంలో ఉందండి."

"అమ్మా, నిద్ర ఎవరిదన్నది మా పరిధిలోకి రాదండి. మిషను ఎవరి పేరున ఉందో అంతవరకే మేం చూస్తామండి."

"పోనీ ఈయనకి ఇంకోటి ఇప్పించండి."

"అది రోగులకు మాత్రమేనండి. ఈయనకి నయమైపోయినట్టు ఇప్పుడే ధ్రువపరిచేం కదండీ."

ఇంతలో గంగబాబు గారికి మెలకువ వచ్చింది. ఎదురుగా చుక్కాని కనిపించింది. ఆయన మరేమీ వినిపించుకోలేదు.

ప్రస్తుతం పంటు సక్రమంగా నడుస్తోంది. ఈ విజయానికి కారణం ధ్రువపత్రమేనని విభాగం తన వార్షిక నివేదికలో పేర్కొన్నది. అయితే సత్యవేణి గారు కూడా రోజూ పంటు ఎక్కుతున్నారు. చుక్కాని తిన్నె కాస్త ఎత్తు; మోచెయ్యి అందదు. అందుచేత కింద బల్ల మీద కూర్చుని, సరంగు తల వాలినప్పుడల్లా గొడుగు మొనతో పిక్క మీద పొడుస్తారు. సరంగు భార్యకు ఉచిత ప్రయాణం కల్పించే నిబంధన లేనందున ప్రతిసారీ ఆమె చేత టికెట్టు కొనిపిస్తున్నారు.

తోటి ప్రయాణికులకు ఆమె ప్రవర్తన నచ్చడం లేదు. "పాపం, మనిషిని అలా పొడుస్తారేంటమ్మా? కాసేపు కునుకు తియ్యనివ్వచ్చు కదా," అని ఎలీసమ్మ గారు మందలించారు కూడా.

నిన్న, పంటు సరిగ్గా ఏటి మధ్యకు చేరిన వేళ, వాన మొదలైంది. సత్యవేణి గారు గొడుగు విప్పుకున్నారు.