రాజుగారు జంకారహో!

ఒక పెద్ద అడవిలో (పెద్దదని సింహం చెప్పింది, కొలిచి చూసే ధైర్యం ఎవరికుంది?) తుర్రయ్య అనే కుందేలు దండోరా ఉద్యోగం చేసేవాడు. రాజుగారు ఏం చేస్తే అది గొంతెత్తి చాటడమే పని. "రాజుగారు ఆవులించారహో! రాజుగారు తోక ఆడించారహో!"

ఒకనాడు నిండు కొలువులో భీమకేసరి మహారాజు కాళ్ళ దగ్గర ఓ కప్ప తటాలున ఎగిరింది. మహారాజు ఒక్క గెంతులో వెనక్కి పోయి గద్దె చాటున దాక్కున్నారు. అలవాటైన నోరు ఊరుకుంటుందా?

"రాజుగారు జంకారహో!" అనేశాడు తుర్రయ్య.

ఎలుగుబంటి నవ్వాపుకోలేక దగ్గింది.

"ఏమన్నావురా?" రాజుగారి మీసాలు వణికాయి. "ఆ మాటకి అర్థం చెప్పు. తేడా వచ్చిందో, ఈ పూట నా భోజనం నువ్వే!"

తుర్రయ్యకి పై ప్రాణాలు పైనే పోయాయి. బొరియలో పెళ్ళాం, పిల్లలు గుర్తొచ్చారు. "జంకడమంటే... గౌరవించడం మహాప్రభో! ఎదుటివాడికి చోటిచ్చి మనం వెనక్కి జరగడం. మా కుందేళ్ళు పొద్దస్తమానం అందరినీ గౌరవిస్తూనే ఉంటాం!"

మంత్రి నక్క టక్కున అందుకుంది. "ఆహా! ఆఫ్టరాల్ ఒక కప్పని గౌరవించారంటే ఏలినవారిది ఎంత పెద్ద మనసు! ఇకనుంచి అందరూ రాజుగారి ఎదుట జంకాలి. జంకనివాడికి మర్యాద తెలియనట్టే లెక్క."

జింకలకి అది కొత్తేం కాదు, రోజూ చేసే పనే. తిప్పలన్నీ ఏనుగుకే. పాపం, వెనక్కి గెంతబోయి ముళ్ళపంది మీద కూర్చుని కెవ్వుమంది. అందరికంటే బాగా జంకిందని దానికి సన్మానం కూడా చేశారు.

రాజుగారికి ఈ మర్యాద తెగ నచ్చేసింది. కొలనులో నీడ చూసుకుంటూ సాధన మొదలెట్టారు. "నాకంటే అందంగా జంకేవాడు ఉన్నాడంట్రా?"

"ఎక్కడా లేడు మహాప్రభో!" అన్నాడు తుర్రయ్య, తన ప్రాణం దక్కినందుకు లోలోపల దండాలు పెట్టుకుంటూ.

అంతలో పొలిమేర తగువు తేల్చుకుందామని కొండ అవతలి అడవి నుంచి ఉగ్రసింహుడు వచ్చాడు. వచ్చాడే గానీ, వాడికీ లోపల పీచుపీచుమంటూనే ఉంది.

మన రాజుగారు ఎదురెళ్ళారు. నలుగురూ చూస్తుండగా చెవులు వాల్చి, తోక కాళ్ళ మధ్య దోపుకుని, నేర్చుకున్నదంతా చూపిస్తూ బ్రహ్మాండంగా వెనక్కి గెంతారు.

తుర్రయ్య గబగబా వెళ్ళి రాజుగారి చెవిలో గొణిగాడు. "మహాప్రభో, ఆయనకి మన మర్యాదలు తెలీవు..."

"చాటరా వెధవా!" అని పళ్ళు కొరికారు రాజుగారు.

"రాజుగారు జంకారహో!"

"ఓస్, ఇంత పిరికిగొడ్డా!" అంటూ ఉగ్రసింహుడు ఒక్క ఉరుకున మీద పడ్డాడు. భీమకేసరి కుంటుకుంటూ అడవి దాటేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

కొత్త రాజు గద్దెక్కాడు. "ఆ పారిపోయినవాడు చేసిందాన్ని ఏమంటార్రా?"

"జంకడమంటారు మహాప్రభో. హడలిపోయి వెనక్కి తగ్గడం." ఇన్నాళ్ళకి అసలు అర్థం చెప్పగలిగినందుకు తుర్రయ్య కడుపుబ్బరం తీరింది.

సరిగ్గా అప్పుడే ఆ పాత కప్ప మళ్ళీ ఎగిరింది. కొత్త రాజుగారు గద్దె చాటుకి గెంతారు. కొలువంతా తుర్రయ్య వైపు తిరిగింది.

తుర్రయ్య గొంతు సవరించుకున్నాడు. "రాజుగారు కప్పని గౌరవించారహో!"

నీతి: గద్దె మీదున్నవాడు ఎప్పుడూ జంకడు, గౌరవిస్తాడంతే, జంకేది గద్దె దిగినవాడే.