గాలి బాగుందన్న రోజు

నగరంలో గాలి సంపూర్ణంగా బాగుపడిందని శ్వాస పర్యవేక్షణ శాఖ ఆ ఉదయం అధికారికంగా ప్రకటించింది. ఆ శుభవార్త ఫోన్‌లో మోగేసరికి కొత్త కోడలు వంటింటి కిటికీ పక్కన నిలబడి దగ్గుతోంది.

"నీ ఫోన్‌లో గాలి యాప్ ఆకుపచ్చగా మారింది," అన్నాడు భర్త, ఆమె సైకిల్ టైర్లకు గాలి కొడుతూ. (పెళ్లయి నెలైంది. తాను టీ తాగకముందే అతను ఆమె టైర్ల సంగతి చూస్తాడు. అది చూసినప్పుడల్లా ఆమెకు ఇంకోసారి పెళ్లి చేసుకోవాలనిపిస్తుంది, ఇతన్నే.)

"తల్లీ," అంది అత్తగారు, "ఎవరైనా అడిగితే రోడ్డు మీద ఊపిరాడటం లేదని పూర్తిగా చెప్పు. ఉత్తినే ఊపిరాడటం లేదంటే నా మీదికొస్తుంది."

ఆకుపచ్చ రంగులో ఒక చిక్కుంది. కొండదారి సైకిల్ పోటీకి వెళ్లే నగర జట్టులో చోటు కావాలంటే రింగురోడ్డు గంటలోపు చుట్టి రావాలి. యాప్ ఎరుపు చూపిస్తే ఎంత నెమ్మదిగా తొక్కినా 'గాలి మినహాయింపు' కింద క్షమించి ఇంకోరోజు తొక్కనిస్తారు. ఆకుపచ్చ చూపిస్తే ఆ రోజు తొక్కిందే తుది తీర్పు. ఏడాదిగా ఎరుపు నీడలో చల్లగా బతికిన ఆమెకు ఇప్పుడు మంచిగాలి వచ్చిపడింది.

తొక్కింది. బస్సు వెనక కొంతసేపు, లారీ వెనక కొంతసేపు, మళ్లీ అదే బస్సు వెనక. సిగ్నల్ దగ్గర ఇరుక్కున్నప్పుడు యాప్ 'విశ్రాంతి అభినందనీయం' అంది. గుండె దడదడలాడితే 'ఉత్సాహం' అని నమోదు చేసుకుంది. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు కాళ్లు సై అన్నాయి గానీ ఊపిరి రానంది. ఇల్లు చేరేసరికి ఫలితం సిద్ధంగా ఉంది: 'గంట దాటింది. గాలి బాగుంది. రోడ్డు బాగుంది. కనుక లోపం మీలో ఉంది. సంభావ్య కారణం: ఇటీవలి వివాహం.'

"అంటే నా వల్లా?" అన్నాడు భర్త, నిజంగానే నొచ్చుకుని.

"నీ వంట వల్లేమో," అంది, దగ్గు మధ్యలో నవ్వుతూ. నవ్వింది గానీ కళ్లు తుడుచుకుంది. జట్టులో చోటు కోసం ఏడాదంతా చెమటోడ్చిన మనిషి. ఇద్దరూ అప్పటికప్పుడు శాఖ కార్యాలయానికి బయల్దేరారు.

పర్యవేక్షణాధికారి మర్యాదస్థుడు. బయటి నుంచి వచ్చి, తలుపు మూసి, మాస్కు తీసి, అప్పుడు నమస్కారం పెట్టాడు. గది కిటికీలకు సందు లేకుండా టేపు అంటించారు. మూలన గాలిని శుభ్రం చేసే యంత్రం గుర్రుమంటోంది. దాని పక్కనే, చిన్న మొక్క నీడలో, నగరం మొత్తానికి ఉన్న ఒకే ఒక్క గాలి మీటరు.

"ఇది లోపలెందుకుందండీ?" అన్నాడు భర్త.

"మొదట్లో బయటే పెట్టాం బాబూ. వారం తిరక్కుండా నల్లబడి ఆగిపోయింది. సున్నితమైన వస్తువు, ఆ గాలిలో ఎలా ఉంచుతాం?"

"మరి మనుషులో?" అంది ఆమె.

"మనుషులకి వారంటీ ఉండదమ్మా."

ఆమె ఆ మీటరు వైపు వేలు చూపించింది. "తుది తీర్పు రైడ్ మీరు కొలిచిన గాలిలోనే తొక్కాలని నిబంధన ఉంది కదండీ. నేను తొక్కింది మీరు కొలవని గాలి."

అధికారి నిబంధనల పుస్తకం తిరగేసి నిట్టూర్చాడు. (నిజాయితీపరులకు ఈ బాధ తప్పదు.) "న్యాయమే. రేపు పొద్దున ఈ గదిలోనే తొక్కు. సైకిల్‌ని స్టాండు మీద నిలబెడదాం. రోడ్డు అనుభవం తగ్గకుండా మా గుమస్తా మధ్యమధ్యలో అడ్డం నిలబడతాడు."

ఆమె మొహం వెలిగిపోయింది. మళ్లీ పరీక్ష, అదీ శుభ్రమైన గాలిలో.

"పొద్దున్నే టైర్లకి గాలి కొట్టి తీసుకొస్తాను," అన్నాడు భర్త.

"ఆ పని చేయకు బాబూ. బయటి గాలి ఈ గదిలోకి రానివ్వం."

ఇద్దరూ లేచి గుమ్మం దాకా వెళ్లాక అధికారి మొహమాటంగా వెనక్కి పిలిచాడు.

"రేపు కాస్త పొదుపుగా ఊపిరి పీల్చమ్మా. ఇది ఊరందరి గాలి."