మాచమ్మ పాట, ఏడు లినక్సులు

ఒక పెద్ద అడవిలో కంప్యూటర్లన్నీ నక్క నాగభూషణం దుకాణానివే. అద్దెలు కట్టలేక జంతువులు ఉసూరుమంటుంటే, గుడ్లగూబ గవర్రాజుగారూ మరికొందరు పెద్దలూ పైసా అడగని, ఎవరికి నచ్చినట్టు వారు మార్చుకోగల లినక్సు అనే సాఫ్ట్‌వేరు వేసి, కొండగుహలో ఒక కంప్యూటరు పెట్టారు. ఎవరైనా వచ్చి వాడుకోవచ్చు. వచ్చిన ఒకరిద్దరూ మళ్లీ రాలేదు.

ఎందుకు రావడం లేదో తేల్చడానికి ‘కొత్తవారి సౌకర్య సంఘం’ వేశారు. అందులో కొత్తవారి ప్రతినిధిగా గవర్రాజుగారినే ఎన్నుకున్నారు. కొత్తవాళ్ల తప్పులన్నీ ఆయనకు కంఠతా వచ్చునట.

చివరికి కొండముచ్చు మాచమ్మ గుహ మెట్లెక్కింది. మర్నాడు మనవరాలి పెళ్లి. పోయిన తల్లి పాడిన మంగళహారతి ఆమె దగ్గర పెన్‌డ్రైవులో ఉంది. పెళ్లిపందిట్లో అమ్మ గొంతు వినిపించాలని ఆశ. తీరా పెట్టి చూస్తే పాట నడుస్తోంది గానీ చప్పుడు లేదు.

“మా అమ్మ పాడటం లేదు బాబూ,” అంది.

“మీరు వాడుతున్నది ఏ లినక్సు, పిన్నిగారూ?” అంది సంఘంలోని ముళ్లపంది ముత్యాలు.

“మీరు పెట్టిందే నాయనా.”

“అదే మీ పొరపాటు. నాది వాడాల్సింది.”

ఈ ప్రశ్న వానలకు ముందే ఒక కుందేలు అడిగేసిందనీ, అడిగిందే మళ్లీ అడగకూడదనీ గవర్రాజుగారు మందలించారు. కుందేలుకు ఏం చెప్పారని మాచమ్మ అడిగింది. ఇదే చెప్పామన్నారు.

అయినా సౌకర్యం ముఖ్యం గనుక సంఘం కూర్చుంది. కొత్తవాళ్లు నల్ల తెర చూసి జడుసుకుంటున్నారని నెమలి తన ఈకల బొమ్మ అతికించింది. ముత్యాలు తన సులభ లినక్సు తెచ్చింది. అది సులభం కాదని అలిగిన ప్రతివారూ తలా ఒకటి తెచ్చారు. పొద్దుగూకేసరికి ఒకటి ఉన్నచోట ఏడయ్యాయి. వాటిలో ఏది ఎంచుకోవాలో చెప్పడానికి ఉపసంఘం వేశారు.

“మరి చప్పుడు?” అంది మాచమ్మ.

గవర్రాజుగారు నొచ్చుకున్నారు. “మేం స్వేచ్ఛ ఇచ్చామమ్మా. మీరేమో చప్పుడు అడుగుతున్నారు.”

ఆమె అందరికీ దణ్ణం పెట్టి దిగివచ్చింది.

పెళ్లికి నక్క కంప్యూటరే వచ్చింది. ఒక్క నొక్కుకు అమ్మ గొంతు పందిరంతా పరుచుకుంది. మాచమ్మ కళ్లు మూసుకుంది. రెండో చరణం ఎత్తుకునేచోట పాట ఆగి, నక్క గొంతు వినిపించింది: తరువాయి భాగానికి రుసుము వేరట.

పెళ్లికూతురు తలెత్తి అమ్మమ్మ వైపు చూసింది. మాచమ్మ మెళ్లోంచి తల్లి ఇచ్చిన పూసలపేరు తీసి నక్క చేతిలో పెట్టింది. అమ్మ మళ్లీ పాట అందుకుంది.

ఆ వేళకే గుహలో సంఘం తీర్మానించింది: కొత్తవారి ఫిర్యాదులు పూర్తిగా ఆగిపోయాయి గనుక సౌకర్యం సంపూర్ణం.

నీతి: పరీక్ష పెట్టి గానీ అన్నం పెట్టని సత్రాలు ఉన్నంతకాలం పూటకూళ్లింట పొయ్యి ఆరదు.