గజంబద్దగారి రెండు వేళ్ళ మహాసంగ్రామం

సెలవుదిన కోలాహలంబున వీధులన్నియు ఘూర్ణిల్లుచుండ, భానుండు నడినెత్తి దాటి పడమటి మెట్లు దిగుచుండ, భోజనానంతర నిద్రాదేవి పురజనుల కనురెప్పలపై దండెత్తుచుండ, ఏసీ శీతలపవన పరివీజితంబును, నిశ్శబ్దనియమ నిష్ఠాగరిష్ఠంబును, జీవితమున ఒక్కమారైనను చూడవలెనని ప్రతివాడును చెప్పి ఎవడును చూడనట్టిదియు నగు ఆ నగర మహావస్తుప్రదర్శనశాల ద్వారమున ఒక వీరుడు నిలిచెను. వృత్తి, బట్టలకొట్టు. బజారంతా ఆయన్ని గజంబద్దగారు అంటుంది.

ఆ వీరుని కుడిచేతి బొటనవేలును చూపుడువేలును సామాన్యములు కావు. నలుబది ఏండ్లుగా తానుల కొండలను పిండి, జరీల గుట్టు రట్టు చేసి, గంజిమెరుగుల మాయాయవనికలను చీల్చి, కటికచీకటిలో సైతము పట్టును పట్టని, నూలును నూలని నిర్ణయించిన యోధాగ్రేసరములవి. కనబడిన బట్టనల్లా నలిపి చూస్తే గాని వాటికి పూట గడవదు. పరామర్శకు వెళ్ళి రోగి కప్పుకున్న దుప్పటి అంచు నలిపి, "ఎంతకి కొన్నారు?" అని అడిగిన ఘనత ఆయనది.

ఆ ఉదయముననే ఆయన ధర్మపత్ని ఒక్క టికెట్టుతో మూడు కళామందిరములను దర్శింపవచ్చునని విని, భర్తను కొట్టు మూయించి మరీ లాక్కొచ్చెను. మొదటిది చిత్రశాల. అందరును సూర్యాస్తమయవర్ణచ్ఛటలకు పరవశులై యుండ, మన వీరుడు పటము మూల పట్టుకొని కాన్వాసు మందమెంతో చూచి, కాపలావాని చేత చీవాట్లు తినెను. రెండవది నాటకశాల. అచ్చట రంగస్థలము వంక కన్నెత్తి చూడక, తెర వెనుకకు దూరి మఖ్మలును నిమురుచు పట్టుబడెను. రెండుచోట్లా గౌరవంగానే బయటికి పంపారు.

మూడవదియే ఈ మ్యూజియం. ఇక్కడి వస్త్రవిభాగంలో కొత్తగా ఉద్యోగంలో చేరింది ఆయన కోడలు. ఇంట్లో ఆయన నేత గురించి మొదలుపెట్టగానే కొడుకు ఫోను తీస్తాడు, భార్య వంటింట్లోకి వెళ్తుంది. ఈ పిల్ల ఒక్కతే కూర్చుని చివరిదాకా వింటుంది. అందుకే కొడుకు కంటే కోడలంటేనే ఆయనకు ప్రాణం.

గుమ్మంలోనే ఆమె ఎదురొచ్చింది. "మామయ్యగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను, ఏదీ ముట్టుకోకండి. తాడు దాటి చెయ్యి పెడితే అలారం మోగుతుంది. డైరెక్టరుగారు ఇవాళ ఇక్కడే తిరుగుతున్నారు. నా ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు."

"పిచ్చితల్లీ, నేనేమన్నా చంటిపిల్లాణ్ణా? ముట్టుకోనంటే ముట్టుకోను. ఇదిగో, మాటిచ్చాను."

"ఆ మాట పొద్దున్నించి నాకు రెండుసార్లు ఇచ్చారు," అంది భార్య, ఆయన కుడి మణికట్టు గట్టిగా పట్టుకుని.

లోపలికి నడిచారు. గదులు, గదుల వెనుక గదులు, ప్రతి గదిలో దీపాల కింద బట్టలు. ఆయనకు ఒళ్ళు మండింది. "వందల ఏళ్ళుగా అమ్ముడుపోని సరుక్కి ఇంత పెద్ద షోరూమా! ఒక్క సీజను మిగిలిపోతేనే నాకు నిద్ర పట్టదు. వీళ్ళు దానికి కాపలా పెట్టి టికెట్టు కూడా కొట్టిస్తున్నారే!"

"మెల్లిగా! అందరూ మనవైపే చూస్తున్నారు."

అంతట, గదిచివర, ఉన్నతపీఠాధిష్ఠితంబును, మృణాలతంతుసూక్ష్మ స్వర్ణసూత్ర సముజ్జ్వలంబును, కాలసర్పదంష్ట్రలకు సైతము లొంగనిదియు నగు ఒకానొక మహారాణి పట్టాభిషేకవస్త్రము గోచరమయ్యెను. చుట్టును అద్దము లేదు. ఒక తాడు మాత్రమే. పైగా ఆ వస్త్రం చేతి అంచు ఇటువైపుకే వేలాడుతోంది, రమ్మని పిలుస్తున్నట్టు.

సరిగ్గా అప్పుడే భార్య మోకాళ్ళు నొప్పెట్టాయి. మణికట్టు వదిలి బెంచీ మీద కూలబడింది.

కోటతలుపులు తెరచుకొన్నవి. అంగుష్ఠ తర్జనులు ఒక్కపెట్టున తిరుగుబాటు చేసెను. వీరుడు వానిని జేబు చెరసాలలో త్రోసెను. అవి జేబు లోపలి గుడ్డను నలిపి, నాసిరకమని తేల్చి, వెలికి దూకెను. చొక్కా అంచును ఎర వేసెను. అది సొంత కొట్టు సరుకని ఎరిగి తిరస్కరించెను. అప్పుడు గజంబద్దగారు అంతరంగమున ఇట్లు గర్జించెను:

"ఓరీ అంగుష్ఠాధమా! ఓసీ తర్జనీ! నా ఉప్పు తిని నాకే ఎదురు తిరిగెదరా? ఆ పిల్ల నోటి ముద్దను నేలపాలు చేసి ఏ మొగముతో ఇంటికి పోయెదము? నిలువుడు! నిలువుడు!"

దానికి వేళ్ళిట్లు బదులు పలికెను: "ప్రభూ! నలుబది ఏండ్లు మీరు పొమ్మన్న చోటికెల్ల పోతిమి. పొట్ట నింపితిమి. ఈ జన్మకింత పట్టు మరల దొరకునా? ఒక్క నలుపు! ఒక్కటంటే ఒక్కటి!"

వాటి మాటలోనూ న్యాయం ఉంది. అదే ప్రమాదం. చెయ్యి లేచింది, తాడు దగ్గరికి వెళ్ళింది.

ఆ క్షణంలోనే అటు గుమ్మంలోంచి డైరెక్టరును వెంటబెట్టుకుని కోడలు వచ్చింది. మామగారి చెయ్యి చూసింది. పైప్రాణాలు పైనే పోయాయి. అరిస్తే డైరెక్టరు చూస్తాడు. అందుకని అరవలేదు, కళ్ళతోనే బతిమాలింది. ఆ ముఖం చూసి ముసలాయన గుండె చెరువైంది.

అంతవరకు గజంబద్ద పట్టుట తప్ప యుద్ధమెరుగని ఎడమచేయి, ప్రళయకాల ప్రభంజనమువలె లేచి, కుడిచేతిపై లంఘించెను. అరచేతులు రెండును ఫెళ్ళున ఢీకొనెను. పట్టు విడిస్తే కుడిచెయ్యి మళ్ళీ పారిపోతుందని ఆయన రెండు చేతులూ అదిమిపెట్టి, కళ్ళు మూసుకుని అలాగే నిలబడిపోయాడు.

చూసేవాళ్ళకు మాత్రం అది నమస్కారం.

"ఎవరమ్మా ఆయన?" అన్నాడు డైరెక్టరు గొంతు తగ్గించి.

"మా... మా మామగారండీ."

"ఏం భక్తి! కళను చూడ్డం అంటే ఇదమ్మా!"

పక్కనున్న దంపతులు ఏం పుట్టి మునుగుతుందోనని తామూ చేతులు జోడించారు. వాళ్ళను చూసి వెనకవాళ్ళు. గార్డు టోపీ తీశాడు.

డైరెక్టరుకు పూనకం వచ్చినంత పనైంది. "మీలాంటివారికి దూరం నుంచి చూపించడం మా తప్పండీ! అమ్మాయ్, అలారం ఆపించు. గ్లౌజులు తెప్పించు. ఒక్కసారి తాకనీ."

వరప్రసాదము! వేళ్ళు ఆనందతాండవమాడెను. తెల్లని గ్లౌజులు తొడిగి, తాడు దాటి, మహారాణి వస్త్రపు చేతి అంచును అల్లన నలిపెను. ఏమీ తెలియలేదు. దుప్పటి కప్పుకుని స్నానం చేసినట్టుంది.

ఇంతలో ఎవరో పిలిస్తే డైరెక్టరు అటు తిరిగాడు. గార్డు టోపీ పెట్టుకుంటున్నాడు. అలారం నిద్రపోతోంది. చూపుడువేలి చివర గ్లౌజు సగం జారి ఉంది. లాగితే ఊడి వస్తుంది. ఆయన ఎడమచేత్తో దాన్ని పట్టుకున్నాడు. కోడలు చూస్తోంది. ఈసారి ఆమె బతిమాలలేదు, ఊరికే చూస్తోంది.

ఆయన గ్లౌజును మణికట్టుదాకా పైకి లాక్కుని, తాడు ఇవతలికి వచ్చేశాడు.

"చూశాను మామయ్యగారూ," అంది కోడలు.

"ఏం చూశావ్? పద, మీ అత్తయ్య మోకాళ్ళు పట్టేసి కూర్చుంది."

బెంచీ మీంచే భార్య అడిగింది: "ఇంతకీ ఎలా ఉందండీ రాణిగారి బట్ట?"

"ఏమోనే. గ్లౌజు మాత్రం మంచి సరుకు."

దిక్కులారా, వినుడు! దీపస్తంభములారా, వినుడు! ఈ గాథ చదివిన పుణ్యాత్ముల చేతులు సదా వారి వారి అదుపులోనే యుండుగాక! రాజ్యములు గెలిచినవారు కలరు, సముద్రములు దాటినవారు కలరు. తన రెండు వేళ్ళను తానే జయించిన గజంబద్దగారికి జయము! జయము! ఒక కోడలి ఉద్యోగం బతికి బట్టకట్టింది. అలారం మోగలేదు.