వాక్కళకు దక్కిన బోరింగు

ఒప్పించే విద్యలో తిరువూరు తక్కిన ఊళ్లకంటే ఎంతో ముందున్నదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. మా మాటలు కోటలు దాటుతాయి గానీ కాళ్లు గడప దాటవని అసూయపరులు అంటారు. వాళ్లను పట్టించుకోనక్కరలేదు. 1974 ఎండల్లో బావులు ఎండిపోయినా మా ఊళ్లో ఉపన్యాసాలు ఎండలేదు.

ఆ వేసవిలో వాక్కళా వికాస సంఘంవారు రిటైరైన లెక్చరరు దత్తాత్రేయులుగారి చేత తరగతులు పెట్టించారు. ఎదుటివాణ్ణి ఒప్పించడానికి గ్రీకు పెద్దలు మూడు దారులు చెప్పారట: చెప్పేవాడి పరువు, వినేవాడి గుండె, మాటలోని తర్కం. వాటిలో దాహం లేదు. దాహమైనవాళ్లు సభలకు రారని వారి నమ్మకం కాబోలు.

ముగింపు సభకు బోరింగులు మంజూరు చేసే ఆఫీసరుగారు అధ్యక్షత వహించారు. ఆయన దగ్గర ఒక్క బోరింగే మిగిలింది. బాగా ఒప్పించినవారికే ఇస్తామని ఆయన ప్రకటించగానే హాలు చప్పట్లతో మారుమోగింది. ఇంతకంటే న్యాయమైన పద్ధతి ఎక్కడుంది?

ముందుగా ఊరి చివరి పేట నుంచి వచ్చిన మేరమ్మ నిలబడింది.

"అయ్యా, మా బావి అడుగంటింది. గుంటలో నీళ్లు తాగి పిల్లలకి వాంతులు, విరేచనాలు. పొద్దున నా మనవరాలు కళ్లు తేలేసింది. ఒక్క బోరింగు వేయించండయ్యా."

దత్తాత్రేయులుగారు నిజంగానే నొచ్చుకున్నారు. "ఏంటమ్మా ఇది? నువ్వెవరో చెప్పుకోలేదు. కంటతడి పెట్టలేదు. కారణాలకి ఒక వరస లేదు" అని మూడింటికీ సున్నాలు చుట్టారు.

తర్వాత వీరరాఘవయ్యగారు లేచారు. రెడ్డిగూడెం దారిలో మామిడితోట, తోటలో రెండు మోటార్లు ఉన్న పరువు ఆయనది. మేరమ్మ కష్టాన్నే అందుకున్నారు.

"సోదరులారా! చలివేంద్రాలు పెట్టించిన తాతకు మనవణ్ణి నేను. కళ్లు తేలేసిన ఆ పసిబిడ్డ మన బిడ్డ కాదా? నీరు లేనిదే ప్రాణం లేదు, ప్రాణం లేనిదే దేశం లేదు. కనుక బోరింగు వేయవలసిందే!"

ఆఫీసరుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. మేమందరం ఏడ్చాం. మేరమ్మ కూడా ఏడ్చింది గానీ, ఆమె వంతు అప్పటికే అయిపోయింది కనుక మార్కులు పడలేదు.

ప్రకటించిన ప్రకారం బోరింగు గెలిచినవారికే మంజూరైంది. గెలిచినవారు దాన్ని మామిడితోటలో వేయించమన్నారు. ఇందులో ఎవరి తప్పూ లేదు.

"అయ్యా, మరి మా పేటకి?" అని అడిగింది మేరమ్మ.

"అదేంటమ్మా, ఇంతసేపూ నీకోసమేగా ఏడ్చాం!" అన్నారు ఆఫీసరుగారు.

వీరరాఘవయ్యగారి ఉపన్యాసం ఇప్పటికీ ఊరంతా కంఠతా అప్పజెబుతుంది. ఆ మనవరాలు ఏమైందో మాత్రం మాకు తెలియదు. పిల్ల పేరేమిటని కూడా ఆ రోజు హాల్లో ఒక్కరూ అడగలేదు. ఇంతసేపూ చదివారుగా, మీరు మాత్రం అడిగారా?